పంటిగాట్లు చెరపనన్నాను

ముందే చెప్పేస్తున్నాను. నేను పళ్ళ డాక్టరుని. ఏలూరులో చాలా ఏళ్ళు క్లినిక్ నడిపి, ఈమధ్యే తాళాలు వేరేవాళ్ళ చేతికిచ్చాను. పొగాకు నోటిని ఏం చేస్తుందో నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బుగ్గలో పుండు చూసి, పెద్దాసుపత్రికి చీటీ రాసి, ఆ మనిషి భార్య మొహం చూడలేక తల తిప్పుకున్న రోజులు నాకున్నాయి. అయినా సరే, నా వృత్తిలో నేను ఇష్టంగా చేసిన పని ఏదంటే, పన్ను పీకడమూ కాదు, కట్టుడు పళ్ళు చేయడమూ కాదు. పెద్దవాళ్ళు పోయాక ఇళ్ళల్లో మిగిలిపోయిన పొగాకు పైపుల్ని చూసి, అవి ఏమిటో చెప్పి, పాడవకుండా కాపాడటం.

"డాక్టరై ఉండి ఇదేం పనండీ?" అని అడిగినవాళ్ళు చాలామంది. మా బంధువుల్లో ఒకావిడైతే పెళ్ళిభోజనాల దగ్గర అందరూ వినేలా అడిగింది. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నా క్లినిక్‌లో ఏ పైపూ ఎన్నడూ వెలగలేదు. బాగుచేసి ఇచ్చిన పైపులో పొగాకు కూరుకుంటానన్న ఆకివీడు చేపల వ్యాపారితో, "మీ తాతగారి నుంచి మీకు రావలసింది పైపండీ, ఆయన దగ్గు కాదు" అని మొహం మీదే చెప్పాను. ఆయన నవ్వి, పైపుని అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. అంతకంటే నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

ఈమధ్య కొందరు కుర్రాళ్ళు వీడియోలు చూసి పాత వస్తువులు బాగుచేసే పనిలోకి దిగుతున్నారు. ఒకరిద్దరు నా దగ్గరకూ వచ్చారు. వాళ్ళ చేతిలో మెరుగుపెట్టే మిషన్ ఉంది, ఒంట్లో తొందర ఉంది. మిషన్‌తో నాకు పేచీ లేదు. తొందరతోనే. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నచ్చితే వినండి, లేకపోతే మీ దారి మీది.

పెద్ద డాక్టరుగారు

చదువు పూర్తయ్యాక నేను చేరింది ఏలూరులోనే ఒక పెద్దాయన దగ్గర. ఊరంతా ఆయన్ని పెద్ద డాక్టరుగారనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. కోపిష్టి. పన్ను పీకేటప్పుడు ఎంత మెత్తగా మాట్లాడేవారో, పీకాక మాతో అంత కటువుగా మాట్లాడేవారు. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో కట్టుడు పళ్ళకు చిగుళ్ళ భాగం వల్కనైట్‌తో చేసేవారు. గంధకం కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు అది. పాత పైపుల్లో నోట్లో పెట్టుకునే భాగం కూడా ఎక్కువగా ఆ రబ్బరే. అందుకని జూట్ మిల్లు ఆఫీసర్లు, రైల్వేవాళ్ళు, పొగాకు కొనడానికి మెట్టకు వచ్చే కంపెనీ మనుషులు పైపు మూతి విరిగితే పళ్ళ డాక్టరు దగ్గరకే వచ్చేవారు. ఇంకెక్కడికి వెళ్తారు?

ఆయన దగ్గర నేను మొదట నేర్చుకున్నది పైపుని చూడటం. పొగాకు కూరే భాగాన్ని మేం గిన్నె అనేవాళ్ళం. దాని నుంచి సాగిన సన్నటి భాగం మెడ. నోట్లో పెట్టుకునేది మూతి. గిన్నె ఎక్కువగా బ్రయర్ అనే పొద వేరుబుడిపెతో చేస్తారు. చేతిలో తేలిగ్గా ఉంటుంది, నిప్పుకు తొందరగా కాలదు. చేసిన కంపెనీ గుర్తు మెడ మీద అచ్చు వేసి ఉంటుంది. ఈ గుర్తు వెంట్రుకవాసి లోతు కూడా ఉండదు. మిషన్ మీద ఒక్కసారి ఆనిస్తే చాలు, పైపు పుట్టుపూర్వోత్తరాలు పిండిలా రాలిపోతాయి. పెద్ద డాక్టరుగారు ఆ గుర్తు మీద వేలు పెట్టి మూసి, ఆ తర్వాతే చుట్టూ తుడవమనేవారు. నేనూ చివరి దాకా అలాగే తుడిచాను.

ఆయన చేసిన ఒక పొరపాటే నాకు అన్నిటికంటే పెద్ద పాఠం.

జూట్ మిల్లులో గుమాస్తాగా చేసిన ఒకాయన పోయాక, ఆయన భార్య పైపు తెచ్చారు. మూతి పసుపుపచ్చగా మారి, పంటిగాట్లతో నలిగి ఉంది. వల్కనైట్‌కి ఒక గుణముంది. సన్నటి మంట సెగ చూపిస్తే నొక్కుకుపోయిన చోటు మెల్లగా పైకి ఉబికి, మొదట ఉన్న ఆకారానికి వస్తుంది. ఇంద్రజాలంలా ఉంటుంది చూడటానికి. పెద్ద డాక్టరుగారికి ఆ పనిలో మహా సరదా. గాట్లన్నీ లేపేసి, మెరుగు పెట్టి, నల్లటి అద్దంలా చేసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ బొటనవేలితో మూతిని తడిమారు. మళ్ళీ తడిమారు.

"ఇది మావారిది కాదండీ" అన్నారు.

"మీదేనమ్మా. నేనే బాగుచేశాను."

"అయ్యుంటుందండీ. కానీ ఆయనది కాదు" అని, పైపుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ నాతో, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనమ్మా. ఆవిడ గాట్లు తీయమని అడిగిందా? నేను అడిగానా? ఇక ఈ క్లినిక్‌లో అడక్కుండా గాటు తీసేది లేదు" అన్నారు. తన తప్పును జూనియర్ ముందు ఒప్పుకున్న డాక్టర్లను నేను ఎక్కువమందిని చూడలేదు. అందుకే ఆయన కోపాన్ని అన్నాళ్ళు భరించాను.

దంతం కాని దంతం

తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద కుటుంబం. వాళ్ళ ముత్తాత రైల్వేలో పెద్ద ఉద్యోగం చేశారట. ఆయన పైపు దేవుడి గదిలో, ఆయన ఫోటో ముందు ఉండేది. ఏటా ఆయన తద్దినం నాడు ఆ పైపుని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్కన కాస్త పొగాకు పెట్టేవారు. ఆయనకు ఇష్టమైనది ఆయనకు పెట్టాలి కదా. దానికి నేను వంక పెట్టను.

"ఏనుగు దంతం పైపండీ. చిలుముపట్టి పసుపుగా అయిపోయింది. తెల్లగా చేసిపెట్టండి" అని ఆ ఇంటి పెద్దకొడుకు నాకు తెచ్చి ఇచ్చారు.

చేతిలోకి తీసుకోగానే తెలిసింది, దంతం కాదని. దంతానికి బరువుంటుంది, లోపల సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. ఇది బెండులా తేలిగ్గా ఉంది. మీర్‌షామ్ అంటారు, మెత్తటి తెల్లరాయి. సున్నితంగా చెక్కుతారు. పొగ తాగేకొద్దీ అది తేనెరంగు నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. ఎంత తాగితే అంత రంగు. దాన్ని తెల్లగా చేయమనడమంటే, నెరిసిన జుట్టుకు రంగేసి తాతగారిని కుర్రాణ్ణి చేయమన్నట్టే. పైగా ఆ రాయి నీళ్ళు తాగుతుంది, నానితే మెత్తబడుతుంది. ఏటా కడిగి కడిగి అంచులు అరిగిపోయాయి. కడిగినప్పుడల్లా పసుపు లోపలికి ఇంకింది.

దంతం కాదనగానే ఆయన మొహం మాడిపోయింది. "ఊరందరికీ దంతమనే చెప్పుకున్నామండీ. మీరు కూడా అలాగే అనేద్దురూ" అన్నారు. అననన్నాను. దంతమైతే ఏనుగు గొప్ప, ఇదైతే మీ ముత్తాతగారి గొప్ప, ఈ రంగంతా ఆయన ఊపిరితో వచ్చిందేనని చెప్పాను. ఆయనకి అది వెంటనే ఎక్కలేదు. ఇక మీదట కడగొద్దని, బొట్టు ఫోటోకి పెట్టుకోమని, పైపుని పొడిగుడ్డతో తుడిచి దూది పరిచిన పెట్టెలో ఉంచమని చెప్పి పంపాను. ఇంకిన పసుపుని మాత్రం తీయలేదు. పూజ చేసిన చేతులు కూడా ఆ ఇంటివే కదా.

ఇళ్ళల్లో జరిగే వైద్యం

మనవాళ్ళకి వస్తువు మీద ప్రేమ పుట్టిందంటే దానికి స్నానం తప్పదు. చింతపండుతో తోమినవాళ్ళున్నారు, ఇత్తడి చెంబు అనుకుని. కొబ్బరినూనె పట్టించి ఎండలో పెట్టినవాళ్ళున్నారు, వడియాల పక్కన. చెదలు పట్టకుండా కిరసనాయిలు పూసినవాళ్ళు కూడా ఉన్నారు. వల్కనైట్‌కి ఎండే శత్రువు. ఆకుపచ్చగా, మట్టిరంగుగా మారి గంధకం వాసన కొడుతుంది. బ్రయర్‌కి నానబెట్టడమే శత్రువు. నూనె రాస్తే జిడ్డుకి దుమ్ము పట్టి గుర్తులన్నీ మూసుకుపోతాయి.

మూతిని మెడ నుంచి తీసేటప్పుడు లాగొద్దు. ఒకేవైపు మెల్లగా తిప్పుతూ తీయాలి. రాకపోతే ఆ రోజుకు వదిలేయండి. మెడ లోపలి మడ్డిని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో, దూది తెల్లగా వచ్చేదాకా తుడవాలి. అది బ్రయర్‌కి మాత్రమే, తెల్లరాయికి కాదు. గిన్నె లోపల గట్టిపడిన బొగ్గుపొర ఉంటుంది. దాన్నంతా చెక్కేస్తే శుభ్రం చేశామనుకుంటారు కుర్రాళ్ళు. అది గిన్నెకి చర్మం. మరీ మందంగా ఉండి గిన్నెని పగలగొట్టేలా ఉంటే పలచన చేయండి, ఒలిచేయకండి. నాకు మాత్రం ఆ పొరతో ఇంకో పని కూడా ఉంది. ఏ అంచు మాడిందో చూస్తే అగ్గిపుల్ల ఏ చేత్తో పట్టేవారో తెలుస్తుంది. గాలిలో తాగిన మనిషి పైపు అంచు ఒకలా మాడుతుంది, గదిలో కూర్చుని తాగినవాళ్ళది ఇంకోలా. పళ్ళ డాక్టరుని కాబట్టి మూతి చూస్తే నోరే కనిపించేది.

ఇదంతా తెలిసి ఏం లాభం అంటారా? ఒక మనిషి పేరు నిలబడింది. అది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

కొమ్ము మూతి

నేను క్లినిక్ అప్పగించడానికి కొంచెం ముందు, కొల్లేరు వైపు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన ఇమ్మానుయేలుగారు, బ్యాంకులో పనిచేసి రిటైరైనాయన, తమ ఊరి పాత చర్చి సంఘానికి పెద్ద. రెండో ఆవిడ సువార్తమ్మ, కలిదిండి దగ్గర స్కూల్లో టీచరు. ఆయన చేతిలో పైపు ఉంది. ఆవిడ చూపు ఆ పైపు మీదే ఉంది.

"ఏవండీ డాక్టరుగారూ, మా చర్చికి జూబ్లీ చేస్తున్నామండీ" అని మొదలుపెట్టారు ఇమ్మానుయేలుగారు. "మా ఊళ్ళో చివరగా ఉన్న మిషనరీ దొరగారి వస్తువులన్నీ ఒక గదిలో పెడుతున్నామండీ. కుర్చీ ఉంది, లాంతరుంది. ఇది ఆయన పైపండీ. ఎవరో ఈ గేదె కొమ్ము తగిలించి పాడుచేశారు. దొరగారి పైపుకి గేదె కొమ్మేంటండీ, చూసినవాళ్ళు నవ్విపోతారు. కొత్త మూతి తెప్పించాను, ఇదిగోండి. ఇది మార్చేసి, మెరుగు పెట్టి, దొరగారిదేనని మీరు ఒక కాగితం రాసిస్తే చాలండీ."

అంతలో ఆయనకు ఫోనొచ్చి వరండాలోకి వెళ్ళారు. అప్పుడు సువార్తమ్మ నోరు విప్పారు.

"అది మా తాత పైపండీ. ఏసుపాదం. దొరగారిని లంకలన్నిటికీ పడవలో తిప్పింది ఆయనేనండీ. వెళ్ళిపోయే ముందు దొరగారే ఇచ్చారని ఇంట్లో చెప్పేవారు. ఊళ్ళో మాత్రం ఎత్తుకొచ్చాడంటారండీ. పడవోడికి ఇంగ్లీషు పైపు ఎక్కడిదని. నా చిన్నప్పుడు స్కూల్లో పిల్లలు కూడా అనేవారు."

"మరి ఎందుకు తెచ్చారమ్మా?"

"చర్చికి తిరిగి ఇచ్చెయ్యమంటున్నారండీ. ఇచ్చేస్తే తాత దొంగేనని ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే దొంగసొత్తు దాచుకున్నామంటారు. మీరు చూసి ఏది నిజమైతే అది చెప్పండి. తాత దొంగే అయితే అదీ చెప్పండి. వింటాను."

ఆ చివరి మాటకు ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. నిజం కావాలని వచ్చేవాళ్ళు తక్కువ. తమకు కావలసింది నిజమని రాసిమ్మని వచ్చేవాళ్ళే ఎక్కువ. పైపు నా దగ్గర ఉంచి వెళ్ళమన్నాను. ఇద్దరూ సరేనన్నారు.

వాళ్ళు మళ్ళీ వచ్చేలోగా, పళ్ళు చూసే దీపం కిందే దాన్ని చూశాను. గిన్నె ఇంగ్లీషు బ్రయరే, మెడ మీద గుర్తు సగం అరిగినా ఆనవాలు పట్టగలిగాను. అంచు ఒకవైపు బాగా మాడి, గాలికి మంట పక్కకు కొట్టుకున్నట్టు నల్లటి చారలున్నాయి. కుర్చీలో కూర్చుని తాగిన పైపు కాదు, చాలాకాలం ఆరుబయట తాగినది. కొమ్ము మూతిని మెల్లగా తిప్పి తీసి, పళ్ళు చూసే చిన్న అద్దం పెట్టి మెడ లోపలికి చూశాను. లోపల నల్లటి ఉంగరంలా ఒక ముక్క ఇరుక్కుని ఉంది. పాత వల్కనైట్ మూతి మొదలు దగ్గర విరిగి, దాని ముక్క లోపలే ఉండిపోయింది. దాన్ని ఊడదీయడం చేతకాక, ఎవరో ఎర్రగా కాల్చిన ఊచతో మధ్యలో రంధ్రం పెద్దది చేసి, కొమ్మును చెక్కి అందులో బిగించారు. ఓపిగ్గా చేసిన పని. అప్పుడు చూశాను కొమ్ము మీది పంటిగాట్లు. పైవైపు గాట్ల వరసలో ఒకచోట మాత్రం కొమ్ము అరగకుండా గట్టులా నిలబడి ఉంది. నాకు నవ్వొచ్చింది. నోరు కనిపించింది మరి.

వాళ్ళిద్దరూ వచ్చాక సువార్తమ్మని అడిగాను. "మీ తాతగారికి పైవరసలో ముందు పన్ను ఒకటి లేదా అమ్మా?"

"గెడ ఎగిరి తగిలిందండీ, పడవ నడిపేటప్పుడు. నవ్వితే సందు కనిపించేది. మీకెవరు చెప్పారండీ?"

"ఆయనే చెప్పారు" అని కొమ్ము మూతి చూపించాను. తర్వాత మెడ లోపలి ముక్కని అద్దంలో ఇద్దరికీ చూపించాను. "ఇమ్మానుయేలుగారూ, ఇది విరిగిన పైపండీ. మూతి ఊడిన పైపు ఎవరికీ పనికిరాదు. దొంగ అనేవాడు విరిగింది ఎత్తుకెళ్తాడా?"

ఆయన తెలివైనవారు. "ఎత్తుకెళ్ళాక విరిగి ఉండొచ్చు కదండీ?" అన్నారు.

"ఉండొచ్చండీ" అన్నాను. కుర్రాళ్ళూ, ఇక్కడ ఆగండి. వస్తువు ఎవరు వాడారో చెబుతుంది. ఎవరిచ్చారో చెప్పదు. తెలియనిది తెలియదని చెప్పకపోతే, తెలిసింది చెప్పినా ఎవరూ నమ్మరు. కానీ నాకు తెలిసింది కూడా తక్కువేం కాదు. "ఇంత అరగాలంటే ఏళ్ళకేళ్ళు తాగి ఉండాలి. ఆరుబయట, కొల్లేరు గాలిలో, మీ ఊరందరి కళ్ళముందు, మీ చర్చికి వచ్చేపోయేవాళ్ళని పడవ ఎక్కిస్తూ దించుతూ తాగారు. దొంగసొత్తుని ఎవరైనా జీవితాంతం నోట్లో పెట్టుకుని తిరుగుతారా?"

"అయితే దొరగారిదని రాయరా?"

"రాయనండీ. గిన్నె దొరగారిదే అయ్యుండొచ్చు. పైపు ఏసుపాదంగారిది. ఆ మాటే రాస్తాను."

"పోనీ కాగితం వద్దులెండి. కొత్త మూతన్నా పెట్టివ్వండి. చూడ్డానికి బాగుంటుంది."

"అది పీకితే మనిషిని పీకినట్టే. నేను పీకను. ఎవరిచేతైనా పీకిస్తే ఊరుకోను."

ఆయనకు కోపమొచ్చింది. అయినా గొంతు పెంచలేదు, మా వైపు పెద్దమనుషుల కోపం అలాగే ఉంటుంది. "చర్చి ఆస్తండీ అది. మీరు బయటివారు. మా సంఘం విషయంలో మీరు పట్టుబట్టడం బాగోదు" అన్నారు. నాకూ కోపమొచ్చింది, నేను మాత్రం పెంచాను. పడవ నడిపేవాడి చేతిలో మంచి వస్తువు కనిపిస్తే చాలు, అది దొంగిలించిందే అయ్యుండాలనుకునే బుద్ధికి మెరుగు పెట్టడం నా చేతకాదన్నాను. అనకూడని మాటేమో. అన్నందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు. లోపల తుడిచి, బయట మైనం పలచగా రాసి, కొమ్ము మూతిని తిరిగి బిగించి, పైపుని సువార్తమ్మ చేతిలో పెట్టాను. కొత్త మూతి ఇమ్మానుయేలుగారి చేతిలో పెట్టాను. ఎవరిది వారికి ఇచ్చాను.

ఆ తర్వాత ఆ చర్చివాళ్ళు పళ్ళకు వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారని విన్నాను. వెళ్ళనీ. ఏలూరులో పళ్ళ డాక్టర్లకు కొదవేం లేదు.

జూబ్లీ నాడు

సువార్తమ్మ ఫోన్ చేసి రమ్మన్నారు. "నేను పైపు పట్టుకెళ్తన్నానండీ. మీరొచ్చి పక్కన నిలబడితే చాలు, ఏం మాటాడక్కర్లేదు" అన్నారు. వెళ్ళాను.

చర్చి పక్క గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద లాంతరు, పక్కన కుర్చీ. జనం వరసగా వచ్చి చూసి పోతున్నారు. సువార్తమ్మ చేతిగుడ్డలో చుట్టిన పైపుని విప్పి పట్టుకున్నారు. ఇమ్మానుయేలుగారు నన్ను చూసి నమస్కారం పెట్టారు, నేనూ పెట్టాను. గదిలో గుసగుసలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. "అదేనంట ఆ పైపు" అని ఒకరు, "ఎంత ధైర్యం" అని ఇంకొకరు. సువార్తమ్మ పైపు పట్టుకున్న చెయ్యి దించలేదు.

అప్పుడు సంతోషమ్మ అనే ముసలావిడని కోడలు చెయ్యిపట్టి తీసుకొచ్చింది. లంక ఊరి మనిషి, చూపు దాదాపు పోయింది. లాంతరు తడిమారు, కుర్చీ చెయ్యి తడిమారు. సువార్తమ్మ ఆవిడ చేతిలో పైపు పెట్టారు. ముసలావిడ వేళ్ళు గిన్నె మీద నుంచి జారి, కొమ్ము దగ్గర ఆగాయి.

"ఇది దొరగారిది కాదే. ఏసుపాదం మావది" అన్నారు.

"నీకెలా తెలుసత్తా?" అంది కోడలు.

"నాకు తెలవకపోతే ఎవరికి తెలుత్తాదే. ఈ కొమ్ము మా గేదిది. వరదకి చచ్చిపోయింది, దాని కోసం నేను అన్నం మానేసి ఏడిశాను. మా అయ్య కొమ్ము దువ్వెనలు కోసేవాడు గదా. దొరగారు మూతి ఇరిగిపోయిందని నీళ్ళలో పారేయబోతే, మావ అడిగి పుచ్చుకున్నాడు. మా అయ్య మా అరుగు మీద కూకుని ఊస కాల్చి ఈ మూతి ఏసిచ్చాడు. దొరగారు కూడా మా అరుగు మీదే కూకున్నారు. అయ్యాక చూసి, నాదానికంటే ఇదే బాగుందయ్యా అని నవ్వేరు."

సువార్తమ్మ ఏడుస్తున్నారు, కానీ తల ఎత్తే ఉంది. నా కళ్ళూ తడిశాయి, దాచుకోలేదు. ఆ కొమ్ము స్థానంలో కొత్త రబ్బరు మూతి ఉండి ఉంటే ఆ వేళ్ళు అక్కడ ఆగేవి కావు. కుర్చీని తడిమినట్టే తడిమి ముందుకు వెళ్ళిపోయేవి. కుర్రాళ్ళకు నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే.

ఇమ్మానుయేలుగారి గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆయన పక్కకు వెళ్ళి, ఒక అట్టముక్క మీద 'పడవ నడిపిన ఏసుపాదంగారి పైపు. దొరగారు ఇచ్చినది' అని తన చేత్తోనే రాసి తెచ్చారు. లాంతరు కాస్త జరిపి, కుర్చీకి దగ్గరగా చోటు చేసి, అట్టని అక్కడ నిలబెట్టారు. అంత మందిలో అలా చేయడానికి కూడా మనసు కావాలి.

"ఇక్కడ పెట్టమ్మా" అన్నారు.

సువార్తమ్మ ఆ అక్షరాలన్నీ నిదానంగా చదివారు. కళ్ళు తుడుచుకున్నారు. పైపుని మళ్ళీ చేతిగుడ్డలో చుట్టుకున్నారు.

"బాగా రాశారండీ. అట్ట అలాగే ఉంచండి" అన్నారు. "నేను చూపించడానికి తెచ్చానండీ. ఇవ్వడానికి కాదు."

ఆ అట్ట ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉందట, పక్కన ఖాళీ చోటుతో. పైపేదని అడిగినవాళ్ళకి ఏసుపాదంగారి మనవరాలి ఇల్లు చూపించి, వెళ్ళి అడగమంటున్నారట.